ఎన్‌టీసీలో కర్వ్ లేస్తోందా? నీళ్లను వదిలేసి ప్లాస్మిడ్‌ను వెతకండి

క్యూపీసీఆర్ (డీఎన్ఏను సైకిల్ సైకిల్‌కూ పెంచుతూ కొలిచే పరీక్ష) ప్లేటులో టెంప్లేట్, అంటే పరీక్షించాల్సిన డీఎన్ఏ, వేయని వెల్‌ను ఎన్‌టీసీ అంటాం. అందులో 34వ సైకిల్ దగ్గరో 35 దగ్గరో కర్వ్ పైకి లేస్తుంది. అందరూ ముందుగా చేసే పని నీళ్ల సీసా మార్చడం. మర్నాడు కర్వ్ మళ్లీ వస్తుంది. ఈసారి ప్రైమర్ అలికాట్ మారుతుంది. తర్వాత కొత్త కిట్ తెరుస్తారు, పిపెట్లు విప్పి కడుగుతారు. చివరికి ఫోన్ వస్తుంది: "అన్నీ మార్చేశామండీ, అయినా వస్తోంది." పాజిటివ్ కంట్రోల్ ఎక్కడ పెడుతున్నారని అడిగితే, "ప్రైమర్ల బాక్సులోనేనండీ, ఆ పక్క వరసలో" అంటారు. అన్నీ మార్చారు, ఆ ఒక్క ట్యూబు మాత్రం ఉన్నచోటే ఉంది.

ప్లాస్మిడ్‌ను (బ్యాక్టీరియాలో పెంచి తీసే గుండ్రటి డీఎన్ఏను) స్టాండర్డ్‌గానో, పాజిటివ్ కంట్రోల్‌గానో వాడే క్యూపీసీఆర్ గురించే ఇక్కడ మాట్లాడుతున్నాను. నెల్లూరు, భీమవరం, కాకినాడ వైపు రొయ్యల పరీక్షా ల్యాబుల్లో వైట్ స్పాట్ వైరస్ కోసం, ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి కోసం చేసేది ఇదే పని కాబట్టి ఉదాహరణలు అక్కడివే తీసుకుంటాను. అక్కడ ఒక్క తప్పుడు పాజిటివ్ వస్తే హేచరీ వాళ్ల సీడ్ ట్యాంకు మొత్తం ప్రశ్నార్థకం అవుతుంది. పిపెట్ పట్టడం, ప్లేటు వేయడం, స్టాండర్డ్ కర్వ్ గీయడం మీకు వచ్చనే అనుకుంటున్నాను.

అది నిజంగా కాలుష్యమేనా?

సైబర్ గ్రీన్ రంగు వాడుతుంటే మెల్ట్ కర్వ్ (ఉత్పత్తి ఏ ఉష్ణోగ్రతకు కరుగుతుందో చూపే గ్రాఫు) చూడండి. ఇది చూడకుండానే ల్యాబంతా కడిగినవాళ్లు ఉన్నారు. అసలు ఉత్పత్తి 84 డిగ్రీల దగ్గర కరుగుతూ, ఎన్‌టీసీలోది 75 దగ్గర వెడల్పుగా, పొట్టిగా కరుగుతుంటే అది ప్రైమర్ డైమర్, అంటే ప్రైమర్లు ఒకదానికొకటి అతుక్కుని పుట్టిన ముక్క. ప్రైమర్ గాఢత తగ్గించండి, అనీలింగ్ ఉష్ణోగ్రత పెంచండి, కుదరకపోతే ప్రైమర్లు కొత్తగా డిజైన్ చేయించండి. బ్లీచ్‌తో దానికి పనిలేదు. రెండూ ఒకే ఉష్ణోగ్రత దగ్గర కరిగితేనే కిందిది చదవండి.

సైబర్ గ్రీన్‌కు బదులు ప్రోబ్ వాడేవారు లాగ్ గ్రాఫ్ నుంచి లీనియర్ గ్రాఫ్‌కు మారి చూడాలి. బేస్‌లైన్ కొద్దిగా వాలితే లాగ్ గ్రాఫ్‌లో అది కూడా కర్వ్‌లాగే కనిపిస్తుంది. ఎస్ ఆకారం లేకుండా నిదానంగా పైకి పాకే గీతకు సాఫ్ట్‌వేర్ 38 అని సీటీ (కర్వ్ హద్దు గీతను దాటిన సైకిల్ సంఖ్య) ఇచ్చినంత మాత్రాన అందులో డీఎన్ఏ ఉన్నట్టు కాదు.

ఎన్‌టీసీ ఒక్కటే వేస్తే ఏమీ తెలియదు

అందరూ దాటేసే పరీక్ష ఇది. ఖర్చు నాలుగైదు వెల్‌లు. ప్లేటులో కనీసం ఆరు ఎన్‌టీసీలు పెట్టండి. మూడింటిలో మాస్టర్ మిక్స్, నీళ్లు వేయగానే, ప్లాస్మిడ్ ట్యూబు ఆ గదిలోకి రాకముందే, మూత బిగించేయండి. దీనికి ప్లేటుకన్నా మూతలున్న స్ట్రిప్‌లు అనుకూలం. మిగతా మూడింటిని శాంపిళ్లు, స్టాండర్డ్‌లు వేయడం అయ్యేదాకా తెరిచే ఉంచి అన్నిటికన్నా చివర మూయండి.

ముందు మూసినవి శుభ్రంగా ఉండి, చివర మూసినవాటిలో ఒకటో రెండో లేస్తే ప్లేటు వేసేటప్పుడే తుంపర పడిందన్నమాట. గ్లోవ్స్, టిప్‌లు, స్టాండర్డ్ ట్యూబు మూత, తల మీద తిరిగే ఫ్యాను, వీటిలో వెతకండి. ఆరింటిలోనూ దాదాపు ఒకే సీటీ, అంటే అర సైకిల్ తేడాలో, వస్తే కాలుష్యం గాలిలో లేదు, ఏదో ఒక రియేజెంట్‌లో కరిగి ఉంది. ఇక మీరు గాలిని, బల్లను ఎంత కడిగినా ఉపయోగం లేదు. ఆరింటిలో ఒక్కటి 37 దగ్గర లేచి మిగతావి ఖాళీగా ఉంటే మాత్రం తొందరపడకండి. ఒకటి రెండు కాపీల దగ్గర అంతా అదృష్టమే, రియేజెంట్‌లో చాలా పలచగా ఉన్నా ఇలాగే కనిపిస్తుంది. అప్పుడు ఎన్‌టీసీల సంఖ్య పెంచి ఇంకో రన్ చేయాలి.

సీటీ ఎంత అన్నది కూడా ఒక ఆధారమే. చాలా పరీక్షల్లో ఒక్క కాపీ 36 నుంచి 38 మధ్య కనిపిస్తుంది. అక్కడి నుంచి ప్రతి 3.3 సైకిళ్లు ముందుకు వస్తే పది రెట్లు. ఎన్‌టీసీ 30 దగ్గర లేస్తే వందకు పైగా కాపీలు పడ్డాయి, పలచని స్టాండర్డ్ నుంచి చిన్న తుంపర పడినందుకు అన్ని రావు.

స్టాండర్డ్ కర్వ్ కింది చివర వంగితే

ఎన్‌టీసీ కన్నా ముందే ఇది చెబుతుంది, కానీ ఎవరూ వినరు. స్లోప్ -3.32 అయితే ఎఫిషియెన్సీ 100 శాతం. అది -2.9కి వచ్చి ఎఫిషియెన్సీ 120 శాతం అని కనిపిస్తే సంతోషించకండి, రెట్టింపు కావడం కన్నా ఎక్కువ ఏ పాలిమరేజూ చేయలేదు. ఏ చివర వంగిందో చూడండి. గాఢమైన స్టాండర్డ్‌లు ఆలస్యంగా వస్తుంటే ఇన్హిబిషన్, లేదా డైల్యూషన్ తప్పు. పలచనివి, అంటే 100 కాపీలు, 10 కాపీల స్టాండర్డ్‌లు, రావలసినదానికన్నా ముందు వచ్చి ఒకదాని మీద ఒకటి పడుతుంటే వాటిలో మీరు వేయని ప్లాస్మిడ్ కలిసింది. లక్ష కాపీల వెల్‌లో అదనంగా 50 కలిస్తే తెలియదు, పది కాపీల వెల్‌లో కలిస్తే దాచలేం.

యూఎన్‌జీ ఉంది కదా అన్న ధీమా

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తినేది ఈ ధీమానే. ఎన్నో ల్యాబులు ఇక్కడే చిక్కుకుపోవడం చూశాను కాబట్టి వివరంగా చెబుతాను.

యూఎన్‌జీ అంటే డీఎన్ఏలోని యురాసిల్‌ను తొలగించే ఎంజైమ్. అది ఉన్న మాస్టర్ మిక్స్‌లో డీటీటీపీకి బదులు డీయూటీపీ ఉంటుంది. అందువల్ల మీ పీసీఆర్‌లో పుట్టే ప్రతి యాంప్లికాన్‌లోనూ, అంటే ప్రతి డీఎన్ఏ నకలులోనూ, థైమిన్ స్థానంలో యురాసిల్ చేరుతుంది. పాత రన్ నుంచి యాంప్లికాన్ తప్పించుకుని కొత్త ప్లేటులో పడితే, 50 డిగ్రీల దగ్గర రెండు నిమిషాల్లో ఎంజైమ్ ఆ యురాసిల్‌ను తొలగిస్తుంది, 95 డిగ్రీల వేడికి ఆ పోగు తెగిపోతుంది. చక్కటి ఏర్పాటు. కానీ మీ ప్లాస్మిడ్ పీసీఆర్‌లో పుట్టలేదు, ఈ. కోలైలో పెరిగింది. అందులో ఉన్నది థైమిన్. యూఎన్‌జీ దాన్ని ముట్టుకోదు. ముట్టుకునేదే అయితే మీ స్టాండర్డ్ కర్వే వచ్చేది కాదు! రోజూ కళ్లముందు కనిపించే ఈ సంగతి, కాలుష్యం వచ్చిన రోజు మాత్రం ఎవరికీ గుర్తురాదు. "యూఎన్‌జీ మిక్స్ వాడినా వస్తోంది, కాబట్టి కిట్టే పాడు" అని కంపెనీకి ఈమెయిల్ పెడతారు.

రన్ అయిపోయిన ప్లేటును తెరవకూడదని అందరికీ తెలుసు, చాలామంది పాటిస్తారు కూడా. అదే మనిషి ఉదయం మినీప్రెప్ చేసి, అంటే బ్యాక్టీరియా నుంచి ప్లాస్మిడ్ తీసి, మధ్యాహ్నం అదే కోటుతో క్యూపీసీఆర్ ప్లేటు వేస్తాడు. లెక్క చూడండి. 3,000 బేస్ జతల ప్లాస్మిడ్ ఒక నానోగ్రాములో సుమారు 30 కోట్ల కాపీలు ఉంటాయి. మినీప్రెప్‌లో మైక్రోలీటరుకు 200 నానోగ్రాములు రావడం మామూలే. అంటే ఒక్క మైక్రోలీటరులో 6,000 కోట్ల కాపీలు. అందులో పది లక్షల వంతు, అంటే కంటికి కనిపించని ఒక పికోలీటరు తుంపర, 60,000 కాపీలు మోసుకొస్తుంది. అది ఎన్‌టీసీలో పడితే సీటీ 21, 22 దగ్గర వస్తుంది. పాల గిన్నెలో పడిన తోడు చుక్క లాంటిది, ఎంత పడిందన్నది కాదు, పడిందా లేదా అన్నదే లెక్క.

ఇప్పుడు డీఎన్ఏ గాఢత కొలిచే నానోడ్రాప్ సంగతి. స్టాక్ నుంచి రెండు మైక్రోలీటర్లు తీసి పెడతారు, రీడింగ్ చూస్తారు, టిష్యూ పేపరుతో తుడిచి బల్ల పక్కన బుట్టలో వేస్తారు. ఆ కాగితంలో 12,000 కోట్ల కాపీలు ఉన్నాయి. తుడిచిన చేతి గ్లోవ్ మారదు. ఆ చేయి ఫ్రీజర్ పిడిని, వోర్టెక్స్ రబ్బరును, మార్కర్ పెన్నును, కంప్యూటర్ మౌస్‌ను తాకుతుంది.

అన్నిటికన్నా దొంగచాటు దారి మాత్రం టీఈ బఫర్ సీసా. ప్లాస్మిడ్‌ను పలచన చేయడానికి ఆ సీసాలోంచే టీఈ తీస్తారు. ఒక ట్యూబు నుంచి మరో ట్యూబుకు పోతూ మధ్యలో టిప్ మార్చకుండానో, ప్లాస్మిడ్ తాకిన పిపెట్ షాఫ్ట్‌తోనో సీసాలోకి దిగుతారు. నెల తర్వాత కొత్త ప్రైమర్లు పొడి రూపంలో వస్తాయి. వాటిని ఏ టీఈలో కరిగిస్తారు? అదే సీసా. ఇక 100 మైక్రోమోలార్ ప్రైమర్ స్టాకే కలుషితం. దాని నుంచి మీరు ఎన్ని అలికాట్లు మార్చినా, ప్రతి అలికాట్ కలుషితమే. నీళ్లు మారాయి, మిక్స్ మారింది, యూఎన్‌జీ వచ్చింది, అలికాట్ కూడా కొత్తదే, అయినా ఆరు ఎన్‌టీసీల్లోనూ అర సైకిల్ తేడాలో అదే సీటీ. ఈ లక్షణం కనిపిస్తే నేను ఇంకేమీ అడగను, ప్రైమర్లు దేనిలో కరిగించారని మాత్రమే అడుగుతాను.

పట్టుకోవడం తేలికే. కొత్త ప్రైమర్లు ఆర్డర్ చేయండి, ఎప్పుడూ తెరవని టీఈలో, ప్లాస్మిడ్ ఎన్నడూ రాని గదిలో కరిగించండి. మీ ల్యాబులో అలాంటి గది లేకపోతే పక్క ల్యాబు వాళ్లను అడగండి. ఈ కొత్త ప్రైమర్లతో ఒక ఎన్‌టీసీ వేయండి, ఇంకొక వెల్‌లో పాత టీఈని రెండు మైక్రోలీటర్లు శాంపిల్‌లాగా వేయండి. మొదటిది ఖాళీగా ఉండి రెండోది లేస్తే దొంగ దొరికినట్టే. క్యూపీసీఆర్ మొత్తంలో ప్రైమర్లే చవక. వాటిని పారేయడానికి తటపటాయిస్తూ ఖరీదైన కిట్లను మార్చేవాళ్ల తర్కం నాకు అర్థం కాదు.

వచ్చింది ప్లాస్మిడా, పాత యాంప్లికానా, నిజమైన వైరసా?

మామూలు ప్రైమర్లతో తెలియదు, మూడింటికీ ఒకే కర్వ్ వస్తుంది. ప్లాస్మిడ్‌లో ఇన్సర్ట్ (చేర్చిన వైరస్ ముక్క) వెక్టర్‌కు (మిగతా ప్లాస్మిడ్‌కు) అతికిన చోటును దాటే ప్రైమర్ల జత తీసుకోండి. ఒకటి వెక్టర్ వైపు, ఉదాహరణకు టీ7 లేదా ఎం13 ప్రైమర్, రెండోది ఇన్సర్ట్‌లోది. వైరస్ నుంచి గానీ, పాత యాంప్లికాన్ నుంచి గానీ ఈ జతకు ఉత్పత్తి రాదు, ప్లాస్మిడ్ నుంచే వస్తుంది. టీఏ క్లోనింగ్ (ఇన్సర్ట్ ఏ దిశలోనైనా అతికే పద్ధతి) చేసినదైతే ఇన్సర్ట్ ఏ దిశలో ఉందో ముందు సీక్వెన్స్‌లో చూసుకోండి, లేకపోతే తప్పు ప్రైమర్ ఎంచుకుని "ప్లాస్మిడ్ లేదు" అనుకుంటారు. పరీక్ష పనిచేస్తోందని చూపడానికి కంట్రోల్ కావాలి కదా అని గాఢ స్టాక్ తేవద్దు, 100 కాపీల స్టాండర్డ్ చాలు.

యాంపిసిలిన్ నిరోధక జీన్‌కు ప్రైమర్లు వేస్తే సరిపోదా అని అడుగుతుంటారు. వేయకండి. టాక్ పాలిమరేజ్‌ను కూడా చాలా కంపెనీలు ఈ. కోలైలో, ప్లాస్మిడ్ ద్వారానే తయారు చేస్తాయి. ఆ జీన్ జాడలు ఎంజైమ్‌లోనే ఉండే అవకాశం ఉంది. లేని దొంగను పట్టుకుంటారు.

డీపీఎన్1 ఎంజైమ్ ఇంకో దారి. మిథైల్ గుర్తు వేసే డీఏఎం ఎంజైమ్ ఉన్న ఈ. కోలై జాతుల్లో పెరిగిన ప్లాస్మిడ్‌లో జీఏటీసీ చోట్ల మిథైల్ గుర్తు ఉంటుంది, డీపీఎన్1 అక్కడే కోస్తుంది. పీసీఆర్ ఉత్పత్తికి ఆ గుర్తు ఉండదు. మీ యాంప్లికాన్ లోపల జీఏటీసీ ఉంటేనే ఇది పనికొస్తుంది. 70 బేస్‌ల చిన్న యాంప్లికాన్‌లో చాలాసార్లు ఉండదు.

సరిచేయడం

మొదటి మార్పు ప్లాస్మిడ్ గాఢతలోనే చేయాలి, మిగతావన్నీ దాని తర్వాత. మినీప్రెప్ ట్యూబు క్యూపీసీఆర్ గదిలోకి ఎప్పుడూ రాకూడదు, అతిథిగా కూడా. వేరే గదిలో, వేరే పిపెట్లతో, ఆ రోజు చివరి పనిగా పలచన చేసి, మైక్రోలీటరుకు పది లక్షల కాపీలకు మించని ట్యూబును మాత్రమే బయటికి పంపండి. ఆ గాఢతలో పికోలీటరు తుంపరలో సగటున ఒక్క కాపీ ఉంటుంది. స్టాక్‌లో 60,000 ఉండేవని మరచిపోకండి. పది లక్షల నుంచి పది కాపీల దాకా ఆరు బిందువులు వస్తాయి, రొయ్యల పరీక్షకు అంతకన్నా అక్కర్లేదు. పలచని స్టాండర్డ్‌లు ట్యూబు గోడకు అంటుకుని తగ్గిపోతాయని భయపడి చాలామంది గాఢంగా దాచుకుంటారు. తక్కువగా అంటుకునే ట్యూబులు వాడండి, డైల్యూషన్ బఫర్‌లో ఈస్ట్ టీఆర్ఎన్ఏ లాంటి క్యారియర్ కలపండి. పలచన చేసేముందు ప్లాస్మిడ్‌ను రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌తో ఒకచోట కోసి లీనియర్ చేయడం ఇంకా మంచిది. చుట్టుకుని ఉన్న ప్లాస్మిడ్ మొదటి సైకిళ్లలో సరిగా విడిపోక కాపీల లెక్కను పెంచేస్తుంది.

ఆ స్టాండర్డ్‌లను ఒక రన్‌కు సరిపడేంతగా స్ట్రిప్‌లలో పంచి గడ్డకట్టించండి. వాడిన స్ట్రిప్ మిగిలినా పారేయాలి. ప్రైమర్లున్న ఫ్రీజర్‌లో పెట్టవద్దు. వేరే ఫ్రీజర్ లేదంటే, మూత బిగించిన సంచిలో, ఆ సంచి వేరే డబ్బాలో, వేరే అరలో.

ప్లేటు వేసే వరస: ముందు మాస్టర్ మిక్స్, ఎన్‌టీసీ మూత, శాంపిళ్లు, వాటి మూత, అన్నిటికన్నా చివర స్టాండర్డ్‌లు, వాటిలోనూ పలచనిది మొదలు గాఢమైనది ఆఖరు. స్టాండర్డ్ ట్యూబును వోర్టెక్స్ చేసి వెంటనే మూత తీయకండి, ఒకసారి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి ద్రవాన్ని కిందికి దించాక తీయండి. మూత లోపలి అంచుకు వేలు తగిలితే గ్లోవ్ మార్చండి. ఫిల్టర్ టిప్‌లు తప్పనిసరి. వేసవిలో కష్టమే, కానీ ఆ కాసేపు ఫ్యాను ఆపండి, స్ప్లిట్ ఏసీ గాలి నేరుగా ప్లేటు మీద పడకుండా చూడండి.

కొత్తగా కంట్రోల్ తయారు చేయించుకునే అవకాశం ఉంటే, ఇన్సర్ట్ మధ్యలో వైరస్‌లో లేని 20 బేస్‌ల ముక్క పెట్టించండి. దానికి వేరే రంగు ప్రోబ్ వాడవచ్చు, లేదా మెల్ట్ ఉష్ణోగ్రతలోనే తేడా కనిపించేలా ఎంచుకోవచ్చు. అప్పుడు ఎప్పుడైనా శాంపిల్ పాజిటివ్ వస్తే అది మీ కంట్రోలా, రొయ్యలోని వైరసా అన్నది ఆ రన్‌లోనే తేలిపోతుంది.

శుభ్రం చేయడంలో తరచూ జరిగే తప్పులు

స్పిరిట్‌తో తుడిస్తే డీఎన్ఏ పోదు. 70 శాతం ఆల్కహాల్ క్రిములను చంపుతుంది, ప్లాస్మిడ్‌ను అక్కడే ఎండబెడుతుంది. కావలసింది హైపోక్లోరైట్. ల్యాబులకు వచ్చే 4 శాతం ద్రావణం ఒక వంతుకు ఏడు వంతుల నీళ్లు కలిపితే అర శాతం వస్తుంది. పది నిమిషాలు తడిగా ఉంచి, తర్వాత నీళ్లతో తుడవండి, లేకపోతే లోహం తుప్పు పడుతుంది, మిగిలిన బ్లీచ్ పీసీఆర్‌నూ ఆపేస్తుంది. ఏ రోజుకారోజు కలుపుకోండి, మన ఎండలకు నిలవ ద్రావణం బలం తగ్గిపోతుంది. మినీప్రెప్ కిట్లలో గ్వానిడిన్ ఉన్న బఫర్లు ఒలికినచోట మాత్రం బ్లీచ్ పోయకండి, విష వాయువులు వస్తాయి. అక్కడ ముందు సబ్బు నీళ్లే.

యూవీ దీపానికి సగం మార్కులే. నీడలో ఉన్నదానికి, ఎండిపోయినదానికి, చిన్న యాంప్లికాన్‌కు అది సరిగా పనిచేయదు. ఆటోక్లేవ్ డీఎన్ఏను పూర్తిగా నాశనం చేస్తుందని నమ్మకండి. వాడిన పీసీఆర్ ప్లేట్లను ఆటోక్లేవ్‌లో అసలే పెట్టకండి, వేడికి సీలు ఊడి ఆ ఆవిరి గదంతా పాకుతుంది. సంచిలో బిగించి బయటికి పంపండి.

మిగతావి

ట్రాన్స్‌ఫెక్ట్ చేసిన, అంటే ప్లాస్మిడ్ ఎక్కించిన, కణాల నుంచి ఆర్ఎన్ఏ తీసి కొలుస్తుంటే, మీరు పెట్టిన ప్లాస్మిడే అందులో తేలుతూ వస్తుంది. ఇంట్రాన్ దాటే ప్రైమర్లు ఇక్కడ కాపాడవు, ప్లాస్మిడ్‌లో ఉన్నది ఇంట్రాన్లు లేని సీడీఎన్ఏనే. డీఎన్‌ఏజ్ వేయండి, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని కంట్రోల్ ప్రతి శాంపిల్‌కూ పెట్టండి.

బ్యాక్టీరియాలను వెతికే 16ఎస్ జీన్ పరీక్షలో ఎన్‌టీసీ 30 దాటాక లేస్తే అది ఎంజైమ్‌లోని బ్యాక్టీరియా డీఎన్ఏ కావచ్చు, దాని కథ వేరు. ప్రైమర్ కంపెనీ దగ్గరే కలుషితం కావడం జరగదని అనను, కానీ వంద అనుమానాల్లో అది నూరోది. యంత్రం బ్లాకులో రంగు ఒలికితే బ్యాక్‌గ్రౌండ్ పెరుగుతుంది, ఎస్ ఆకారపు కర్వ్ రాదు. కంపెనీ సీసాలోని నీళ్లు చెడి ఉండటం అన్నిటికన్నా అరుదు.

అప్పటికే పంపిన రిపోర్టులు

పరిశోధన ల్యాబులో ఎన్‌టీసీ 36, శాంపిల్ 26 అయితే ఆ తేడా పది సైకిళ్లు, కాలుష్యం వాటా వెయ్యిలో ఒకటి. ఆ ఫలితం నిలబడుతుంది. శాంపిల్ 33 అయితే నిలబడదు. సీడ్ పరీక్షలో ఈ లెక్కలకు చోటు లేదు, ఎన్‌టీసీ లేచిన రన్ మొత్తం రద్దు. కాలుష్యం మొదలైందని అనుమానం ఉన్న తేదీ నుంచి 32 తర్వాత పాజిటివ్ వచ్చిన శాంపిళ్లను వేరు చేసి, ఆల్కహాల్‌లో దాచిన పీఎల్‌ల (రొయ్య పిల్లల) నుంచే మళ్లీ కొత్తగా ఎక్స్‌ట్రాక్షన్ చేయండి. పాత ఎక్స్‌ట్రాక్ట్ ట్యూబులు ఆ బల్ల మీదే తెరిచినవి, వాటిని మళ్లీ వేస్తే పాత జవాబే వస్తుంది. హేచరీ వాళ్లకు కొత్త రిపోర్టు ఇచ్చేటప్పుడు పాతది ఎందుకు రద్దయిందో రాసి ఇవ్వండి. ఆ రన్‌లోని ఎన్‌టీసీ గ్రాఫు కూడా జతచేస్తే వాదన ఉండదు.